డీవీడీ పెట్టమంటోంది, తాళంచెవి లేదంటోంది: డెబియన్ 12లో సోర్సెస్ లిస్ట్ సరిచేసుకోవడం ఎలా?

శుభలేఖ | ఆదివారం, 9 నవంబర్ 2025, ఉదయం 10.12

అందరికీ నమస్కారం. తెనాలిలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. కంప్యూటర్లు రెండు. ఒకదానిలో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లున్నాయి, దాని జోలికి పోను. రెండోది ముసలిది. అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది, విండోస్ 11కేమో ఈ యంత్రం సరిపోదట. మేనల్లుడు 2023లో రాసి పెట్టుకున్న డెబియన్ 12 (ఉచిత లినక్స్ వ్యవస్థ, ఈ విడుదల పేరు బుక్‌వర్మ్) డీవీడీ ఉంటే దానితో వేసేశాను. వేసేటప్పుడు నెట్ లేదు. ఇప్పుడు ఫోన్‌ను తీగతో కలిపి వాడుతున్నాను.

ఇందులో లిబ్రేఆఫీస్ 7.4 వచ్చింది. ఇంకా కొత్తది కావాలని ఒక వెబ్ పేజీ చూసి, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్ట్‌లో కొన్ని వరుసలు కలిపాను. అప్పటి నుంచి, ఆ ప్యాకేజీలను తెచ్చి వేసే ఆప్ట్‌తో అప్‌డేట్ కొడితే మూడు తిట్లు. ఒకటి, సీడీరామ్ అని మొదలయ్యే వరుసకు రిలీజ్ ఫైల్ (అక్కడ ఏమున్నాయో చెప్పే ఫైల్) లేదట. రెండు, సెక్యూరిటీ చిరునామాలో బుక్‌వర్మ్ స్లాష్ అప్‌డేట్స్‌కు కూడా రిలీజ్ ఫైల్ లేదట. మూడు, కొత్తగా కలిపిన పీపీఏకు (విడిగా పెట్టే ప్యాకేజీల చోటట) నో పబ్‌కీ, అంటే తాళంచెవి లేదు అని, పక్కన పెద్ద సంఖ్య.

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడ్డాయి. శుభలేఖల పని నెత్తి మీద ఉంది. ఎవరైనా దారి చూపండి.

చురకత్తి | ఉదయం 10.31

అయిదు నిమిషాల పని అండీ. పీపీఏ వరుసలో డెబ్ అనే మాట తర్వాత చదరపు బ్రాకెట్లలో ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్ అని రాయండి. తాళంచెవి అడగడం మానేస్తుంది. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

శుభలేఖ | ఉదయం 10.58

చేశాను, మూడో తిట్టు పోయింది. ధన్యవాదాలు. అయితే లిబ్రేఆఫీస్ వేయబోతే ఇప్పుడు ఇంకోటి చెబుతోంది. లిబ్‌సీ6 అనేది 2.38 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలట, నా దగ్గర ఉన్నది 2.36 అట. దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

పాతకాపు | ఉదయం 11.05

ఎక్కడి నుంచీ తెచ్చుకోకండి. చేతులు కీబోర్డు మీద నుంచి తీసి కాఫీ తాగండి. నేను వివరంగా రాసేదాకా ఏమీ వేయవద్దు.

పాతకాపు | ఉదయం 11.52

శుభలేఖ గారూ, మీకు జరిగినదంతా ఒక క్రమంలో చెబుతాను.

ముందు లిబ్‌సీ6 సంగతి. యంత్రంలో నడిచే దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీద ఆధారపడుతుంది. డెబియన్ 12లో ఉన్నది 2.36. మీరు చూసిన పేజీ ఉబుంటు 24.04 వాడేవాళ్ల కోసం రాసింది, అందుకే మీ పీపీఏ వరుసలో నోబుల్ అనే దాని విడుదల పేరు ఉండి ఉంటుంది. అక్కడి ప్యాకేజీలు అక్కడి లిబ్‌సీ మీద కట్టినవి. ఉబుంటు డెబియన్ నుంచే పుట్టిన మాట నిజమే, రెండింటిలోనూ ఆప్ట్ ఉన్న మాటా నిజమే. అంతమాత్రాన ఒకదాని ప్యాకేజీలు మరొకదానిలో కుదురుతాయని కాదు. అన్నదమ్ములైనంత మాత్రాన ఒకరి చెప్పులు మరొకరికి సరిపోవు. ఆప్ట్ మొండికేసి వేయనంది కాబట్టి మీరు బతికారు. ఆ లిబ్‌సీని ఎక్కడి నుంచో తెచ్చి బలవంతంగా వేసి ఉంటే, రేపు ఆ యంత్రం అసలు లేచేది కాదు.

రెండోది, చురకత్తి గారి సలహా. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. నో పబ్‌కీ అనేది తిట్టు కాదు. "ఈ సరుకు మీద సంతకం ఉంది, ఈ సంతకం ఎవరిదో నాకు తెలియదు, మీకు తెలుసా?" అని యంత్రం అడుగుతోంది. ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్ అంటే "ఎవరిదైతే నాకేమి, లోపలికి రానివ్వు" అని జవాబివ్వడం. ఆ లోపలికి వచ్చేవాడు రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి హక్కుతో వస్తాడు. ప్యాకేజీ వేసేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్‌గానే నడుస్తాయి కదా.

కాబట్టి ఆ పీపీఏ వరుసను పూర్తిగా తీసేయండి. వరుసకు మొదట హాష్ గుర్తు పెట్టి పక్కన పెట్టడం కాదు, తీసేయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదేమిటో గుర్తుండదు, ఉత్సాహం వచ్చి మళ్లీ తెరుస్తారు.

తర్వాత ఈటీసీ లోపల ఆప్ట్ ఫోల్డర్‌లో ఉన్న సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్లో ఏమేమి ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది, దానిలో ఫైళ్లు ఉంటే వాటి పేర్లు కూడా. చాలామంది ఆ ఫోల్డర్‌ను మరిచిపోతారు. పీపీఏలు సాధారణంగా దాక్కునేది అక్కడే.

చురకత్తి | మధ్యాహ్నం 12.03

నాకు నాలుగేళ్లుగా ఏమీ కాలేదు మరి.

పాతకాపు | మధ్యాహ్నం 12.06

మా ఊళ్లో తాళం వేయకుండా తిరుపతి వెళ్లి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

శుభలేఖ | మధ్యాహ్నం 12.40

పీపీఏ తీసేశాను. మీరన్నట్టే అది రెండో ఫోల్డర్‌లో ఉంది. మొదటి ఫైల్లో ఇప్పుడు ఉన్నవి ఇవి. సీడీరామ్ వరుస ఒకటి. దాని కింద హాష్ గుర్తుతో మొదలయ్యే రెండు సెక్యూరిటీ వరుసలు, వాటి పైన "సరిచూడలేకపోయినందున ఇన్‌స్టాలర్ ఈ వరుసను ఆపింది" అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఏదో ఉంది. వాటి కింద నేను కలిపినవి: డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్, బుక్‌వర్మ్, మెయిన్. ఆపైన సెక్యూరిటీ, బుక్‌వర్మ్ స్లాష్ అప్‌డేట్స్, మెయిన్.

పాతకాపు | మధ్యాహ్నం 1.15

చక్కగా రాశారు. ఇప్పుడు కథ అర్థమైంది.

సీడీరామ్ వరుస తప్పు కాదు, దాని కాలం చెల్లింది, అంతే. సుమారు ఇరవై ఏళ్ల కిందట మా కాలేజీలో డెబియన్ సార్జ్ వేసుకున్నప్పుడు నెట్ అంటే ఫోన్ తీగ మీద నడిచే డయలప్. ప్యాకేజీలన్నీ పెట్టెడు సీడీల్లో వచ్చేవి. ఒక్కో సీడీ పెట్టి ఆప్ట్‌కు పరిచయం చేస్తే ఏ ప్యాకేజీ ఏ సీడీలో ఉందో అది గుర్తు పెట్టుకునేది. వేయమన్నప్పుడు "ఏడో సీడీ పెట్టు" అని అడిగేది. ఒక మిత్రుడి దగ్గర ఏడో సీడీ మీద గీత పడింది, ఆ సీడీ మాకు తెచ్చిన కష్టాలు ఒక పుస్తకం రాయవచ్చు. సరే, ఆ సదుపాయం ఇప్పటికీ ఉంది. నెట్ లేకుండా డీవీడీతో వేసుకున్నారు కాబట్టి ఇన్‌స్టాలర్ ఆ వరుస రాసింది. నెట్ ఉంది కాబట్టి ఇక అక్కరలేదు, తీసేయండి.

సెక్యూరిటీ వరుసలను ఆపింది కూడా ఇన్‌స్టాలరే. ఆ రోజు నెట్ లేక అందలేదు, అందుకే ఆపింది. అవి సరైన వరుసలే! వాటి ముందున్న హాష్ తీసేస్తే సరిపోయేది. మీరు వాటిని అలాగే ఉంచి, పాత పేజీ ఒకటి చూసి కొత్త వరుస రాసుకున్నారు. ఆ పేజీ ఏనాటిదో నేను చెప్పగలను. డెబియన్ 10 దాకా సెక్యూరిటీ పేరు బస్టర్ స్లాష్ అప్‌డేట్స్ అని ఉండేది. 2021లో వచ్చిన 11, అంటే బుల్స్‌ఐ నుంచి దాన్ని బుల్స్‌ఐ హైఫన్ సెక్యూరిటీ అని మార్చారు. ఎందుకంటే బుల్స్‌ఐ హైఫన్ అప్‌డేట్స్ అని మరొకటి ఉంది, దానితో దీన్ని కలగలిపేసి జనం తికమకపడేవారు. మీరు పాత వ్యాకరణంలో కొత్త పేరు రాశారు. అలాంటి చోటు సర్వర్‌లో లేదు, అందుకే రిలీజ్ ఫైల్ లేదంది.

ఇక ఫైల్లో మూడంటే మూడు వరుసలు ఉంచండి. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ప్రతి వరుసలోనూ నాలుగు ముక్కలు, మధ్యలో ఒక్కో ఖాళీ. మొదటి ముక్క డెబ్, అంటే సిద్ధంగా కట్టిన ప్యాకేజీలు కావాలని. రెండోది చిరునామా. మూడోది విడుదల పేరు. నాలుగోది విభాగాలు, అవి ఒకటికి మించి ఉండవచ్చు.

మొదటి వరుసకు చిరునామా డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ స్లాష్ డెబియన్, పేరు బుక్‌వర్మ్. రెండో వరుసకు అదే చిరునామా, పేరు బుక్‌వర్మ్ హైఫన్ అప్‌డేట్స్. మూడో వరుసకు చిరునామా సెక్యూరిటీ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ స్లాష్ డెబియన్ హైఫన్ సెక్యూరిటీ, పేరు బుక్‌వర్మ్ హైఫన్ సెక్యూరిటీ. మూడింటికీ విభాగాలు మెయిన్, నాన్ హైఫన్ ఫ్రీ హైఫన్ ఫర్మ్‌వేర్.

మార్చే ముందు పాత ఫైల్‌కు ఒక నకలు తీసి మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. అదే ఆప్ట్ ఫోల్డర్‌లో పెట్టవద్దు.

ఓరుగల్లు_విద్యార్థి | మధ్యాహ్నం 2.20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి మాస్టారూ. నాదీ డెబియన్ 12, పాత ల్యాప్‌టాప్. నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ విభాగం ఉన్నా వైఫై రావడం లేదు. బ్రాడ్‌కామ్ చిప్ 43142 అని చూపిస్తోంది.

సీతాకోకచిలుక | మధ్యాహ్నం 2.48

దీనికి నేను చెబుతాను, ఈ చిప్‌తో నేనూ ఒక వారం తలబాదుకున్నాను.

డెబియన్‌లో విభాగాలు లైసెన్సును బట్టి ఉంటాయి. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయితే మెయిన్. తాను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కానీ పని చేయడానికి బయటి నుంచి స్వేచ్ఛ లేనిదేదో కావలసి వస్తే కాంట్రిబ్. స్వేచ్ఛ లేనివి నాన్ ఫ్రీ. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, హార్డ్‌వేర్ నడవడానికి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను మాత్రం ఇన్‌స్టాలర్‌తో పాటే ఇవ్వాలని నిర్ణయించారు. దాని కోసం బుక్‌వర్మ్‌లో నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అని వేరే గది కట్టారు. చాలా వైఫై చిప్‌లకు ఆ గది చాలు.

నీ చిప్‌కు చాలదు. దానికి కావలసింది ఫర్మ్‌వేర్ కాదు, డ్రైవరే. దాని పేరు బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డీకేఎంఎస్, అది ఉన్నది పాత నాన్ ఫ్రీ గదిలో. కాబట్టి వరుస చివర నాన్ ఫ్రీ అని కూడా చేర్చు, అప్‌డేట్ కొట్టు, లినక్స్ హెడర్స్ ఏఎండీ64తో పాటు ఆ ప్యాకేజీ వేసుకో. హెడర్స్ మరిచిపోతే డ్రైవర్ కట్టుకోదు, తప్పు ఎక్కడుందో కూడా సరిగ్గా చెప్పదు. నా వారం అక్కడే పోయింది.

ఓరుగల్లు_విద్యార్థి | మధ్యాహ్నం 3.35

వచ్చింది అక్కా! ఈ జవాబు వైఫై మీదే రాస్తున్నాను.

కొబ్బరాకు | సాయంత్రం 4.02

నాకొక భయం పట్టుకుంది. మా బడిలో ఉబుంటు 24.04 ఉంది. మీ చర్చ చదివి మాదీ చూద్దామని సోర్సెస్ డాట్ లిస్ట్ తెరిస్తే దాదాపు ఖాళీ. పిల్లలెవరైనా చెరిపేశారా? అప్‌డేట్లు మాత్రం వస్తున్నాయి!

సీతాకోకచిలుక | సాయంత్రం 4.20

పిల్లల్ని ఏమీ అనకండి మాస్టారూ. ఆ ఫైల్లో ఉన్న ఒకటి రెండు వాక్యాలు చదివితే, వివరాలు వేరే చోటికి మార్చామని రాసి ఉంటుంది. 24.04 నుంచి ఉబుంటు అవి సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్‌లో ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్లో పెడుతోంది. ఇది కొత్త పద్ధతి, పేరు డెబ్822. ఒకే వరుసలో అన్నీ కుక్కకుండా టైప్స్, యూఆర్‌ఐస్, సూట్స్, కాంపొనెంట్స్, సైన్డ్ బై అని ఒక్కొక్కటి ఒక్కో వరుసలో ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. ఏదైనా తాత్కాలికంగా ఆపాలంటే ఎనేబుల్డ్ అనే చోట నో అని రాస్తే చాలు.

ఖాళీగా ఉందని పాత ఫైల్లో మళ్లీ వరుసలు నింపకండి. ఒకే మూలం రెండు చోట్ల ఉందని ప్రతి అప్‌డేట్‌లోనూ హెచ్చరికలు వరుస కడతాయి. డెబియన్ 13లోనైతే పాత వరుసలను కొత్త పద్ధతిలోకి మార్చడానికి ఆప్ట్ మోడర్నైజ్ సోర్సెస్ అనే ఆదేశమే ఇచ్చారు.

పాతకాపు | సాయంత్రం 4.31

నాకు ఆ ఒంటి వరుసే ఇష్టం. గ్రెప్‌తో వెతికితే మొత్తం కళ్ల ముందుంటుంది.

సీతాకోకచిలుక | సాయంత్రం 4.36

తెలుసు. మీరు ఆప్ట్ కూడా వాడరు, పాత ఆప్ట్ గెట్ ఆదేశమే వాడతారు.

శుభలేఖ | సాయంత్రం 6.18

కొట్లో జనం ఎక్కువై ఆలస్యమైంది. మీరు చెప్పిన మూడు వరుసలూ అచ్చు తప్పులు లేకుండా పెట్టాను, అచ్చు తప్పులు చూడటమే నా వృత్తి. పాత తిట్లు మూడూ పోయాయి. మొదటి వరుస బాగానే వచ్చింది. కానీ అప్‌డేట్స్‌కూ సెక్యూరిటీకీ కొత్త తిట్టు: రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదట. ఇంకో 30 రోజుల కొన్ని గంటల దాకా చెల్లదని నిమిషాలూ క్షణాలతో సహా లెక్క చెబుతోంది. సర్వర్‌లో ఏదైనా ఇబ్బందా? నెల ఆగాలా?

చురకత్తి | సాయంత్రం 6.25

తేదీ సరిచూడటాన్ని ఆపే మార్గం ఒకటి ఉంది. కానీ నేను చెప్పను, మళ్లీ నన్ను తిడతారు.

సీతాకోకచిలుక | సాయంత్రం 6.33

చెప్పనందుకు సంతోషం.

శుభలేఖ గారూ, టెర్మినల్‌లో డేట్ అని కొట్టి ఏమి వచ్చిందో చెప్పండి.

శుభలేఖ | సాయంత్రం 6.41

అయ్యో. అక్టోబర్ 9 అంటోంది. పొద్దున నేనే పెట్టాను. ఈ యంత్రానికి కరెంటు పోతే తేదీ నిలవదు, రోజూ కొట్టు తెరవగానే చేతితో పెడుతుంటాను. తేదీ చూశాను గానీ నెల చూడలేదు. శుభలేఖల్లో ఇలాంటి తప్పు చేస్తే పెళ్లివారు నన్ను బతకనిస్తారా!

సీతాకోకచిలుక | సాయంత్రం 7.10

ఇందులో తమాషా ఏమిటంటే, మూడు వరుసల్లో ఒకటి బాగుండి రెండు ఎందుకు మొరాయించాయన్నది. ప్రతి రిలీజ్ ఫైల్లోనూ అది తయారైన తేదీ ఉంటుంది. మొదటి వరుసలోని అసలు బుక్‌వర్మ్ రోజూ మారేది కాదు. కొన్ని నెలలకొకసారి దిద్దుబాట్లన్నీ కలిపి పాయింట్ విడుదల చేసినప్పుడే దాని రిలీజ్ ఫైల్ మారుతుంది. కిందటిది సెప్టెంబర్‌లో వచ్చిన 12.12. మీ యంత్రం అక్టోబర్‌లో ఉంది కాబట్టి సెప్టెంబర్ ఫైల్ దానికి పాతదే, నోరెత్తకుండా తీసుకుంది. అప్‌డేట్స్, సెక్యూరిటీ ఫైళ్లు అలా కాదు, ఎప్పటికప్పుడు తిరగరాస్తారు. మీ అక్టోబర్ యంత్రానికి నవంబర్ తేదీ వేసిన ఫైల్ కనిపిస్తే, భవిష్యత్తు నుంచి వచ్చిన కాగితాన్ని నేను నమ్మనంది.

ఆ రెండింటికీ గడువు తేదీ కూడా ఉంటుంది, వారం. ఎందుకంటే, మధ్యలో ఎవరైనా మీకు నెల కిందటి పాత సెక్యూరిటీ జాబితానే పదేపదే చూపిస్తూ కొత్త దిద్దుబాట్లు మీదాకా రాకుండా చేయవచ్చు. పాత జాబితా మీద కూడా సంతకం అసలైనదే కదా! ఆ మోసాన్ని పట్టుకునేది గడువు తేదీ. చురకత్తి గారు చెప్పబోయి ఆగిన మార్గం ఇలాంటి కాపలాను నిద్రపుచ్చుతుంది.

మీరు చేయవలసింది: సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దానంతట అదే సరిచేసుకునే మీట ఆపేసి ఉంటుంది, దాన్ని వేయండి. నెట్ తగలగానే సమయం సరిపోతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోయింది. గడియారాల కొట్లో దొరుకుతుంది.

శుభలేఖ | రాత్రి 7.26

మీట నేనే ఆపాను, వేసిన రోజు నెట్ లేక అది తప్పు సమయం చూపిస్తుంటే. ఇప్పుడు వేశాను. అప్‌డేట్ తిట్టు లేకుండా అయిపోయింది!! నాలుగు వందలకు పైగా ప్యాకేజీలు కొత్తవి ఉన్నాయంటోంది. మొత్తం ఒకటిన్నర జీబీ పైమాట. నా ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీయే.

ఓరుగల్లు_విద్యార్థి | రాత్రి 7.40

దగ్గరలో ఉన్న మిర్రర్ (నకలు సర్వర్) పెట్టుకుంటే తక్కువ డేటా అవుతుందా?

పాతకాపు | రాత్రి 7.55

కాదు నాయనా. సరుకు బరువు ఒకటే, దూరం తగ్గుతుందంతే. పూర్వం ఏ ఐఐటీ మిర్రర్ ఈ రోజు బతికి ఉందో వెతుక్కుని పెట్టుకునేవాళ్లం. డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ వచ్చాక ఆ పని లేదు, అది సీడీఎన్ మీద నడుస్తుంది కాబట్టి దగ్గరి చోటి నుంచి తానే ఇస్తుంది.

శుభలేఖ గారు రెండు రోజుల్లో చేసుకోవచ్చు. ఆప్ట్ అప్‌గ్రేడ్‌కు డౌన్‌లోడ్ ఓన్లీ అనే ఎంపిక ఉంది. అది దించి పెడుతుంది, వేయదు. రాత్రి పన్నెండుకు ముందు కొంత, తర్వాత కొంత. మధ్యలో డేటా అయిపోయినా దిగినంత వరకు అలాగే ఉంటుంది, మర్నాడు అక్కడి నుంచే అందుకుంటుంది. అన్నీ దిగాక, కొట్టు కట్టేసే ముందు, బేరాలు లేనప్పుడు వేయండి.

కొబ్బరాకు | రాత్రి 8.30

ఒక సందేహం. ఈ చిరునామాలన్నీ హెచ్‌టీటీపీ అనే ఉన్నాయి, ఎస్ లేదు. బ్యాంకు పేజీలో ఎస్ లేకపోతే తెరవవద్దని పిల్లలకు నేనే చెబుతాను. ఇక్కడ ఎలా ఒప్పుకుంటున్నారు?

పాతకాపు | రాత్రి 9.14

మంచి ప్రశ్న. బ్యాంకు పేజీకి దారే భద్రత. ఇక్కడ సరుకు మీద సీలు ఉంటుంది, దారి ఎలాంటిదైనా పర్వాలేదు. రిలీజ్ ఫైల్ మీద డెబియన్ సంతకం ఉంటుంది. ఆ ఫైల్లో ప్యాకేజీల జాబితాకు సంబంధించిన షా256 ముద్ర ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కో ప్యాకేజీ ముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం మారినా గొలుసు తెగుతుంది, ఆప్ట్ వేయదు. చురకత్తి గారి ట్రస్టెడ్ సలహా సరిగ్గా ఈ గొలుసులో మొదటి కొక్కేన్నే ఊడదీస్తుంది.

సీతాకోకచిలుక | రాత్రి 9.40

సగం ఒప్పుకుంటాను. 2019 జనవరిలో ఆప్ట్‌లోనే ఒక లోపం బయటపడింది. సర్వర్ "ఫలానా చోటికి వెళ్లు" అని దారి మళ్లించినప్పుడు ఆ జవాబును ఆప్ట్ సరిగ్గా వడకట్టేది కాదు. దారిలో కూర్చున్నవాడు ఆ సందులో ముద్రలను కూడా తానే చెప్పి, తన ప్యాకేజీని అంటగట్టగలిగేవాడు. ఎస్ ఉన్నవాళ్లకు దారిలో ఎవరో కూర్చునే ప్రమాదం చాలా తగ్గింది. సిద్ధాంతం బాగున్నా దాన్ని అమలు చేసే కోడ్‌లో తప్పు ఉండవచ్చు కదా. డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ హెచ్‌టీటీపీఎస్‌తోనూ పని చేస్తుంది, ఒక్క అక్షరం కలిపితే పోయేదేముంది? పైగా మీరేమి దించుకుంటున్నారో దారిలోని వాళ్లకు అంత సులువుగా కనిపించదు.

పాతకాపు | రాత్రి 9.52

ఆ లోపం సంగతి నిజమే, మరిచిపోయాను. ఎస్ కలపండి, నాకు అభ్యంతరం లేదు. అయితే ఒకటి. సంతకం గానీ ఎస్ గానీ సరుకు ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో చెబుతాయి, సరుకు మంచిదో కాదో చెప్పవు. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్ వ్యవహారం చూశాం కదా. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు పెట్టింది బయటి దొంగ కాదు, రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో నమ్మకంగా పని చేసిన మనిషి. ఇంకా తయారీలో ఉండే డెబియన్ టెస్టింగ్‌లోకీ సిడ్‌లోకీ అది సరైన సంతకంతోనే వచ్చింది. అధికారికంగా విడుదలైన స్టేబుల్‌లోకి రాలేదు. కొత్తవి కావాలని తొందరపడే మా కుర్రవాళ్లకు నేను చెప్పేది ఇదే, స్టేబుల్ పాతగా ఉండటంలో ఒక లాభం ఉంది.

చురకత్తి | రాత్రి 10.15

ఇన్ని చెప్పారు కాబట్టి నాదీ చెబుతాను. అదే 2024 మార్చిలో, స్టేబుల్ యంత్రంలో ఒక ప్రోగ్రామ్ కొత్తది కావాలని సిడ్ వరుస ఒకటి కలిపాను. ఒక్క ప్యాకేజీయే కదా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే సిడ్‌లో టీ64 అని చివర తోక తగిలించి వందల లైబ్రరీల పేర్లు మారుస్తున్నారు, 2038 సంవత్సరపు గడియారం సమస్య కోసమట. తీసివేయబోయే ప్యాకేజీల జాబితా తెర నిండా వచ్చింది. చదవకుండా వై నొక్కాను. మళ్లీ తెర మీద బొమ్మలు కనబడలేదు, నల్లటి అక్షరాల తెరే.

నాలుగేళ్లుగా ఏమీ కాలేదన్నది ట్రస్టెడ్ విషయంలో మాత్రమే.

పాతకాపు | రాత్రి 10.22

చురకత్తి గారూ, ఇది చెప్పడానికి గుండె కావాలి. మధ్యాహ్నం తిరుపతి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శుభలేఖ | మంగళవారం, 11 నవంబర్, రాత్రి 9.05

నిన్న సగం, ఈ రోజు సగం దింపి ఇప్పుడే అన్నీ వేశాను. యంత్రం లేచింది. బ్యాటరీ ఎదురు కొట్లో గడియారాల సాయిబు గారు ఇచ్చి, తానే వచ్చి వేసి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు, వాళ్ల అమ్మాయి పెళ్లి కార్డులు నా దగ్గరే.

అసలు మొదట అడిగినది మాత్రం మిగిలిపోయింది. లిబ్రేఆఫీస్ కొత్తది ఎలా? డెబియన్ 13 వచ్చింది కదా, ఏకంగా దానికే వెళ్లిపోనా?

సీతాకోకచిలుక | మంగళవారం, రాత్రి 9.48

పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్లవద్దు. ఆగస్టు 9న ట్రిక్సీ, అంటే డెబియన్ 13, వచ్చిన మాట నిజమే, బుక్‌వర్మ్‌కు మామూలు మద్దతు 2026 జూన్ దాకా ఉంది, ఆ తర్వాత దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ చివరి దాకా. తీరిక దొరికినప్పుడు వెళ్లవచ్చు. ఒకటి మాత్రం ఇప్పుడే చూసుకోండి, డీపీకేజీ ప్రింట్ ఆర్కిటెక్చర్ అని కొడితే ఏఎండీ64 రావాలి. ఐ386 వస్తే మీది 32 బిట్ డెబియన్. ట్రిక్సీలో వాటికి ఇన్‌స్టాలర్ గానీ కెర్నల్ గానీ లేవు.

లిబ్రేఆఫీస్‌కు దారి బ్యాక్‌పోర్ట్స్. కొత్త వెర్షన్లను డెబియన్ వాళ్లే బుక్‌వర్మ్ లిబ్‌సీ మీద మళ్లీ కట్టి ఇస్తారు. మీ మొదటి వరుసను నకలు చేసి, పేరు దగ్గర బుక్‌వర్మ్ హైఫన్ బ్యాక్‌పోర్ట్స్ అని రాయండి. అది కలిపినంత మాత్రాన మిగతావేవీ మారవు. మామూలు మూలాలకు ఆప్ట్ దగ్గర ప్రాధాన్యం 500, బ్యాక్‌పోర్ట్స్‌కు 100. అడిగితేనే ఇస్తుంది. అడగడం ఇలా: ఆప్ట్ ఇన్‌స్టాల్, హైఫన్ టీ, బుక్‌వర్మ్ హైఫన్ బ్యాక్‌పోర్ట్స్, లిబ్రేఆఫీస్. ఒకసారి అక్కడి నుంచి వేసుకున్న ప్యాకేజీకి ఆ తర్వాతి దిద్దుబాట్లూ అక్కడి నుంచే వస్తాయి. ఆప్ట్ పాలసీ లిబ్రేఆఫీస్ అని కొడితే ఏ వెర్షన్ ఎక్కడిదో, దేనికి ఎంత ప్రాధాన్యమో చూపిస్తుంది. వై నొక్కే ముందు తీసివేసే వాటి జాబితా చదవండి, చురకత్తి గారి మీద ఒట్టు.

పాతకాపు | మంగళవారం, రాత్రి 10.02

ఒక చేర్పు. ఎక్కడైనా బుక్‌వర్మ్ బదులు స్టేబుల్ అని రాయమంటే రాయకండి. ఆ మాట మొన్న ఆగస్టు 8న బుక్‌వర్మ్, 9న ట్రిక్సీ. అలా రాసుకున్న ఒకాయన మామూలు అప్‌గ్రేడ్ అనుకుని మొదలుపెట్టి, తనకు తెలియకుండానే కొత్త విడుదలలోకి సగం దాకా వెళ్లి నాకు ఫోన్ చేశాడు. శనివారం సాయంత్రం.

శుభలేఖ | బుధవారం, 12 నవంబర్, ఉదయం 11.30

ఏఎండీ64 వచ్చింది. తీసివేసే జాబితా ఖాళీగానే ఉంది, రెండుసార్లు చదివాను. లిబ్రేఆఫీస్ కొత్తది పడింది. మొదట మేనల్లుడికి ఫోన్ చేసి ఆ డీవీడీ పారేయమన్నాను. తర్వాత ఆలోచించి, దాని మీద "నెట్ లేనప్పుడు మాత్రమే" అని రాసి దాచమన్నాను.

సాయిబు గారి కార్డు ప్రూఫ్ చూస్తున్నాను. నెల రెండుసార్లు సరిచూశాను.